ఊసరవెల్లికి జబ్బు ఎందుకు చేస్తుంది?

"తొండ ముదిరితే ఊసరవెల్లి అవుతుంది" అనే సామెత మీరు వినే వుంటారు. మనుషుల విషయంలో ఆ మాట నిజం కావచ్చు గాని, జీవశాస్త్రం దాన్ని ఒప్పుకోదు. హైదరాబాదులో నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్‌కు వెళితే చెట్ల మొదళ్ల మీద తల ఆడిస్తూ కనిపించేది తొండ. జతకట్టే కాలంలో మగతొండ గొంతు ఎర్రబడుతుంది. అయినా ఎంత ముదిరినా తొండ తొండే!

ఊసరవెల్లి లక్షణాలు వేరు. దాని అయిదు వేళ్లూ రెండు జట్లుగా కలిసిపోయి, పట్టుకారులాగా కొమ్మను పట్టుకుంటాయి. తోక కూడా కొమ్మకు చుట్టుకుంటుంది. రెండు కళ్లూ చెరొక దిక్కుకు తిరుగుతాయి. ప్రపంచంలో 200కు పైగా ఊసరవెల్లి జాతులున్నాయి. వాటిలో దాదాపు సగం మడగాస్కర్ దీవిలోనివే. మన దేశంలో వున్నది ఒకే ఒక జాతి. దానికి విషం లేదు.

దీన్ని పెంచుకోవచ్చునా?

మన ఊసరవెల్లి 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షణ పొందిన జీవి. దాన్ని పట్టడం, అమ్మడం, కొనడం, ఇంట్లో వుంచుకోవడం నేరం. మరి ఆదివారం నాడు ఆబిడ్స్ కాలిబాట మీద పాత పుస్తకాలు వెతుకుతుంటే, ఊసరవెల్లిని పెంచే పద్ధతి చెప్పే విదేశీ పుస్తకం దొరికిందనుకోండి. అందులో వుండేది సాధారణంగా యెమెన్, మడగాస్కర్ వంటి దేశాల జాతుల సంగతి. అలాంటి విదేశీ జాతులను మన దేశంలో వుంచుకునేవారు 2024 నాటి నిబంధనల ప్రకారం ప్రభుత్వం వద్ద నమోదు చేయించాలి. చట్టం సంగతి అలా వుంచి, అసలు ఆ ప్రాణికి పంజరంలో ఏమవుతుందో చూద్దాం.

ఎముకలు ఎందుకు మెత్తబడతాయి?

ముందు ఒక చిన్న ప్రయోగం చేయండి. శుభ్రం చేసిన సన్నని కోడి ఎముకను వారం రోజులు వెనిగర్‌లో నానబెట్టండి. తర్వాత వంచి చూడండి. రబ్బరులా వంగుతుంది! ఎముకకు గట్టిదనమిచ్చే కాల్షియం లవణాలను ఆమ్లం కరిగించేసింది.

పంజరంలోని ఊసరవెల్లికి ఇదే గతి మరో దారిలో పడుతుంది. తిన్న కాల్షియం ఒంటికి పట్టాలంటే విటమిన్ డి కావాలి. ఆ విటమిన్ చర్మంలో తయారు కావాలంటే ఎండలోని అతినీలలోహిత కిరణాలు, ముఖ్యంగా 280 నుంచి 315 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం కలవి, తగలాలి. కిటికీ అద్దం వెలుతురును రానిస్తుంది గాని ఈ కిరణాలను చాలావరకు ఆపేస్తుంది. అందువల్ల అద్దాల పెట్టెలో ఎంత వెలుగు వున్నా ఊసరవెల్లికి ఎండ లేనట్లే. పైగా మనం వేసే కీచురాళ్లలో భాస్వరం ఎక్కువ, కాల్షియం తక్కువ. అప్పుడు శరీరం తన ఎముకల్లోని కాల్షియాన్నే తీసి వాడుకుంటుంది. కాళ్లు వంకర పోతాయి, దవడ మెత్తబడుతుంది, కొమ్మ మీద పట్టు తప్పుతుంది. కండరాలు పనిచేయడానికీ కాల్షియం కావాలి కనుక, పురుగు ఎదురుగా వున్నా నాలుక దూరం పోదు. అలా అని విటమిన్ డి మందు ఇష్టం వచ్చినట్లు పోస్తే అదీ ప్రమాదమే.

గిన్నెలో నీళ్లున్నా దాహమే

ఊసరవెల్లి ఆకుల మీది చినుకులను, మంచు బొట్లను తాగుతుంది. నిలవనీటిని అది సాధారణంగా గుర్తించదు. గిన్నె నిండా నీళ్లున్నా ఎండిపోయి చావవచ్చు. కళ్లు లోపలికి పోవడం, రెట్టలోని తెల్లని భాగం నారింజ రంగుకు మారడం నీరు చాలలేదనడానికి గుర్తులు.

ఆడ ఊసరవెల్లి మట్టిని తవ్వి గుడ్లు పెడుతుంది. తవ్వడానికి మట్టి లేకపోతే గుడ్లు కడుపులోనే నిలిచిపోయి ప్రాణం మీదికి వస్తుంది. గాలి ఆడని, చల్లని, చెమ్మ పెట్టెలో వుంచితే ఊపిరితిత్తులు చెడతాయి. ఎండ వేడికి అది నోరు తెరవడం సహజమే. నీడలో వున్నప్పుడు కూడా నోరు తెరిచి, తల పైకెత్తి ఊపిరి లాగుతుంటే జబ్బు చేసిందన్నమాట. పగటివేళ కళ్లు మూసుకుని వుండటం మరో ప్రమాద సూచన. అప్పుడు ఇంట్లోని మందులు వేయకుండా సరీసృపాల సంగతి తెలిసిన పశువైద్యునికి చూపించాలి.

ఈ జబ్బులన్నిటినీ ఒకసారి వరుసగా చూడండి. ఎండ లేక ఒకటి, చినుకు లేక ఒకటి, మట్టి లేక ఒకటి, గాలి లేక ఒకటి. చెట్టు మీద వీటన్నిటికీ ఖర్చు లేదు. పంజరంలో ఒక్కొక్కటీ మనిషి కల్పించాలి. ఒక్కటి మరిచినా ప్రాణం పోతుంది. ఊసరవెల్లి అరవదు, మూలగదు కనుక మనకు తెలిసేసరికి ఆలస్యమైపోతుంది.

కనుక ఊసరవెల్లి కనిపిస్తే రాయి విసరకండి, పట్టకండి. గాయపడి వుంటే అటవీశాఖకు తెలపండి. సరీసృపాలను పరిశీలించాలని వుంటే పబ్లిక్ గార్డెన్స్‌లోని తొండ చాలు. ఉదయం ఎక్కడ ఎండ కాగుతుంది, ఎప్పుడు నీడకు వెళుతుంది, రంగు ఎప్పుడు మారుతుంది, ఒక నెల రోజులు నోటు పుస్తకంలో రాయండి. ఆ జీవికి ఏమేమి కావాలో అదే మీకు చెబుతుంది.