కాలిబొబ్బలు – వాని సంరక్షణము

క్రొత్తచెప్పులు తొడిగి హుస్నాబాదు చుట్టుపల్లెలనుండి బడికి నడచివచ్చు విద్యార్థికిని, ఎండలో మైదానమున పరుగిడు ఆటగానికిని కాలిబొబ్బ తెలియని బాధ కాదు. అది స్వల్పమేయని తలచి గోళ్లతో చించివేయుట పలువురకు వాడుక. ఆ వాడుక యేల మానవలెనో తెలుపుటకే మే మీ వ్యాసమును వ్రాయుచున్నాము.

నడచునపుడు చెప్పు చర్మమును ఒకవైపునకు లాగును. లోని యెముక వేరొకవైపునకు కదలును. ఈ లాగులాట మాటిమాటికి జరుగుటచే పైచర్మములోని కణములు చీలి నడుమ సందేర్పడును. రక్తమునుండి ఊరిన తేటనీరు ఆ సందున నిండును. అదియే బొబ్బ. చెమటచే తడిసిన పాదమునకు రాపిడి హెచ్చుగాన బొబ్బలును త్వరగా లేచును. నీటి యడుగున ఒక్కదినములోనే క్రొత్త కణములు పుట్టనారంభించును. సుమారు 5 దినములలో క్రొత్తపొర యేర్పడును. అంతవరకు పైనున్న పలుచనితోలే దానికి కట్టుగుడ్డ. దానిని చించుట తలుపు తెరచి దొంగను పిలుచుట వంటిది.

ఆ దొంగ యెట్టివాడో యొక యుదాహరణము చెప్పెదము. అమెరికా దేశాధ్యక్షుడైన కాల్విన్ కూలిడ్జి గారి కుమారుడు, 16 ఏండ్ల బాలుడు, 1924 జూన్ చివర మేజోళ్లు లేక టెన్నిసు ఆడగా కాలివ్రేలిపై బొబ్బ లేచెను. దానిగుండ సూక్ష్మజీవులు రక్తమున ప్రవేశించుటచే జూలై 7వ తేదీన అతడు మృతినొందెను. పెనిసిలిన్ కనుగొనబడినది 1928లో. నేడు మందులు కలవు. కాని సకాలమున వైద్యుని చేరినవారికే యవి యుపకరించును.

చిన్నబొబ్బను కదపక, శుభ్రమైన మెత్తని గుడ్డతో కప్పి, రాపిడి తగులకుండ జూడవలెను. పెద్దదై నడువనీయనిచో చేతులను, బొబ్బను సబ్బునీటితో కడిగి, స్పిరిటుతో తుడిచిన సూదితో అంచున గ్రుచ్చి నీరు కార్చవలెను. పైతోలును మాత్రము తీయరాదు. పిదప వాసెలీను పూసి కట్టుకట్టి, దినదినము మార్చవలెను. పేడ, బూడిద, సున్నము పూయరాదు. ఎరుపు ప్రాకినను, చీము పట్టినను, జ్వరము వచ్చినను వెంటనే వైద్యుని చూడవలెను.

నొప్పి తెలియని పాదముల సంగతి వేఱు. మిషనరీ దంపతులకు 1914లో జన్మించిన డాక్టరు పాల్ బ్రాండు గారు 1946లో వేలూరు క్రైస్తవ వైద్యకళాశాలకు వచ్చి కుష్ఠరోగులకు సేవ చేసిరి. వారి పాదములు తమంతట కుళ్లుట లేదనియు, స్పర్శ లేనందున రాపిడియు గాయములును తెలియక పుండ్లు పడుచున్నవనియు ఆయన గ్రహించిరి. మనకు బొబ్బనొప్పి శత్రువుగా తోచును. నిజమునకది పాదమును కాచు కావలివాడు.

మధుమేహము చిరకాలముగా నున్నవారిలో పలువురకును పాదస్పర్శ యిట్లే తగ్గును. అట్టివారు బొబ్బను తాము గ్రుచ్చుకొనరాదు; ఎంత చిన్నదైనను వైద్యునికి చూపవలెను. కావున విద్యార్థులారా! మీ యింట తాతగారికో నాయనమ్మగారికో చక్కెరవ్యాధి యున్నచో, ప్రతిసాయంకాలము దీపపు వెలుగున వారి అరికాళ్లను, వ్రేళ్ల సందులను పరికింపుడు. వారి పాదములు చెప్పలేని మాటను మీ కన్నులు చెప్పగలవు.