ఏడు కిలోల లెక్క: బడ్జెట్ విమానాల్లో చేతి సంచి నిబంధనలు

ఎల్‌ఎఫ్‌సీ మీద కుటుంబంతో వెళ్లేవారు, బదిలీ ఉత్తర్వు అందుకుని కొత్త ఊళ్లో చేరబోయేవారు, వారం రోజుల శిక్షణకు బయలుదేరేవారు... మన బ్యాంకులో ఏడాదికి ఒక్కసారైనా విమానం ఎక్కని వారు ఇప్పుడు తక్కువే. టికెట్ కొనేటప్పుడు నాలుగు వెబ్‌సైట్లు తిరగేసి రెండు వందలు మిగుల్చుకుంటాం. తీరా విమానాశ్రయానికి వెళ్లాక, సంచి రెండు కిలోలు ఎక్కువైందని కౌంటర్ దగ్గర అంతకు ఎన్నో రెట్లు చెల్లిస్తాం. నిబంధనలు కష్టమైనవేమీ కావు. అవి ఎందుకు అలా ఉన్నాయో ఒకసారి అర్థమైతే గుర్తుపెట్టుకోవడం ఇంకా తేలిక.

సీటుకో ధర, సంచికో ధర

ఒకప్పుడు విమానం టికెట్ అంటే సీటు, భోజనం, సామాను అన్నీ కలిపిన మొత్తం. 2003లో ఎయిర్ డెక్కన్ మన దేశంలో చౌక విమానయానాన్ని మొదలుపెట్టాక ఈ పద్ధతి మారింది. సీటుకు మాత్రమే తక్కువ ధర పెట్టి, మిగతా సేవలను ఎవరికి కావాలో వారికే విడిగా అమ్మడం బడ్జెట్ సంస్థల వ్యాపార సూత్రం. సంచి తెచ్చుకోని ప్రయాణికుడు, పక్కవాడి పెట్టె మోసే ఖర్చు ఎందుకు భరించాలి అన్నది వారి వాదన.

2021 ఫిబ్రవరిలో పౌర విమానయాన డైరెక్టరేట్ జనరల్, అంటే డీజీసీఏ, ఈ విషయంలో ఇంకో అడుగు వేసింది. చెక్ఇన్ సామాను లేకుండా ప్రయాణించే వారికి టికెట్ ధరలో రాయితీ ఇవ్వవచ్చని దేశీయ విమాన సంస్థలకు అనుమతి ఇచ్చింది. దానికొక షరతు పెట్టింది. అలాంటి టికెట్ కొన్న ప్రయాణికుడు సామానుతో కౌంటర్‌కు వస్తే ఎంత చెల్లించాలో బుకింగ్ సమయంలోనే స్పష్టంగా చూపాలి, టికెట్ మీద కూడా ముద్రించాలి. 2024లో ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ ‘ఎక్స్‌ప్రెస్ లైట్’ పేరుతో తెచ్చిన టికెట్లు ఈ కోవలోనివే.

సేవా రుసుముల పట్టిక చదవమని మనం ఖాతాదారులకు చెబుతుంటాం కదా, ఇక్కడ ఆ పట్టిక మన టికెట్ మీదే ఉంటుంది. అది చదివాకే ‘చౌక’ అన్న మాటకు అర్థం.

ఒక చిన్న లెక్క వేసి చూద్దాం. నలుగురున్న కుటుంబం లైట్ టికెట్లు కొంటే మనిషికి 500 రూపాయల చొప్పున 2,000 మిగిలిందనుకుందాం. కానీ వారి దగ్గర 12 కిలోల పెట్టె ఒకటి ఉంది. విమానాశ్రయంలో కిలోకు 500 చొప్పున వసూలు చేశారనుకుంటే 6,000 అవుతుంది. మిగిలిన 2,000 పోగా, చేతి నుంచి మరో 4,000 పడుతుంది. ఆ ఒక్క పెట్టెకు ముందుగానే ఆన్‌లైన్‌లో చెల్లించి ఉంటే ఖర్చు బాగా తగ్గేది. ఇవి ఉదాహరణకు వేసుకున్న అంకెలే అయినా, ముందే కొన్న బ్యాగేజీ కౌంటర్‌లో కొన్నదానికంటే చౌక అన్నది దాదాపు అన్ని సంస్థల్లోనూ ఉన్నదే.

7 కిలోలు, 115 సెంటీమీటర్లు

మన దేశంలోని బడ్జెట్ సంస్థలు ఎకానమీ ప్రయాణికుడికి సాధారణంగా 7 కిలోల లోపు ఉన్న ఒక చేతి సంచిని అనుమతిస్తాయి. ఇండిగో లెక్కలో పొడవు, వెడల్పు, ఎత్తు కలిపి 115 సెంటీమీటర్లు దాటకూడదు. 55, 35, 25 సెంటీమీటర్లు కలిస్తే వచ్చేది ఈ 115. ఒకటి రెండు సెంటీమీటర్ల తేడాతో మిగతా సంస్థల కొలతలూ ఇంచుమించు ఇవే.

ఇక్కడ మూడు విషయాలు తరచుగా మన దృష్టి దాటిపోతాయి.

మొదటిది, 7 కిలోలంటే సంచి బరువుతో కలిపి. చక్రాలున్న గట్టి ట్రాలీ ఖాళీగానే రెండున్నర నుంచి మూడు కిలోలు ఉంటుంది. అంటే బట్టలకు, వస్తువులకు మిగిలేది నాలుగు, నాలుగున్నర కిలోలే. భుజానికి తగిలించుకునే గుడ్డ సంచి కిలో లోపే తూగుతుంది. ఏడు కిలోల పరిమితిలో సంచి ఎంపిక ఒక్కటే రెండు కిలోలు కలిసొచ్చేలా చేస్తుంది.

రెండోది, కొలతలో చక్రాలు, పిడి కూడా భాగమే. దుకాణంలో ‘కేబిన్ సైజు’ అని చీటీ అంటించిన పెట్టె కూడా చక్రాలతో కొలిస్తే 55 దాటవచ్చు. ఇంట్లో టేపు పెట్టి చూసుకోవడమే మంచిది.

మూడోది, చేతి సంచి బరువు కుటుంబం మొత్తానికి కలిపి లెక్కించేది కాదు. భార్య సంచి ఐదు కిలోలే ఉంది కాబట్టి భర్త సంచి తొమ్మిది ఉండవచ్చు అనే సర్దుబాటు కౌంటర్ దగ్గర చెల్లదు. ఏ సంచికి ఆ సంచే.

లాప్‌టాప్ సంగతి సంస్థను బట్టి మారుతుంది. ఇండిగో చేతి సంచితో పాటు, 3 కిలోలు మించని హ్యాండ్‌బ్యాగు లేదా చిన్న లాప్‌టాప్ సంచిని అదనంగా అనుమతిస్తుంది. కొన్ని సంస్థలు లాప్‌టాప్‌ను కూడా ఆ 7 కిలోల్లోనే లెక్కిస్తాయి. ఆఫీసు లాప్‌టాప్, చార్జరు కలిపి రెండు కిలోలు తూగుతాయి కాబట్టి ఈ తేడా చిన్నదేమీ కాదు. పైగా ఈ నిబంధనలు మారుతుంటాయి. టికెట్ కొన్న రోజున ఆ సంస్థ సొంత వెబ్‌సైట్‌లో చూసుకోవాలి.

అడిగేది ఇద్దరు

చేతి సంచిని ఇద్దరు వేర్వేరు కారణాలతో చూస్తారన్నది చాలామందికి తెలియదు. విమాన సంస్థ చూసేది బరువు, కొలత. భద్రతా సిబ్బంది చూసేది లోపలున్న వస్తువులు, సంచుల సంఖ్య. పౌర విమానయాన భద్రతా సంస్థ బీసీఏఎస్ నిబంధన ప్రకారం ఒక ప్రయాణికుడికి ఒకే చేతి సంచి. ఎక్స్‌రే దగ్గర రద్దీ పెరగడంతో 2022 జనవరిలో దీన్ని గట్టిగా అమలు చేయించే ప్రయత్నం జరిగింది.

ఆ ఒక్క సంచికి అదనంగా కొన్నింటిని బీసీఏఎస్ మినహాయించింది. మహిళల హ్యాండ్‌బ్యాగు, కోటు లేదా శాలువా, దుప్పటి, కెమెరా, చదువుకోవడానికి కొద్దిపాటి పుస్తకాలు, గొడుగు లేదా చేతికర్ర, పసిబిడ్డకు దారిలో కావలసిన ఆహారం, నడవలేని వారి మడత చక్రాల కుర్చీ, ఊతకర్రలు, లాప్‌టాప్ ఈ జాబితాలో ఉన్నాయి. పెద్దలతో, పసిపిల్లలతో ప్రయాణించేవారు దీన్ని గుర్తుంచుకుంటే అనవసరమైన వాదన తప్పుతుంది. అయితే ఒక సంగతి. భద్రతా తనిఖీలో అనుమతించినంత మాత్రాన విమాన సంస్థ బరువు పరిమితి సడలదు. రెండూ దాటాలి.

ఇంత పట్టుదల ఎందుకు?

186 సీట్లున్న ఎయిర్‌బస్ ఎ320 విమానంలో ప్రతి ఒక్కరూ మూడు కిలోలు ఎక్కువ తెస్తే అదనపు బరువు 558 కిలోలు. ఆ బరువు మోయడానికి ఇంధనం కావాలి. అంతకంటే పెద్ద సమస్య చోటు. సీట్ల పైన ఉండే అరల్లో అందరి ట్రాలీలూ పట్టవు. చివరగా ఎక్కిన నలుగురు సంచులు పట్టుకుని నడవాలో నిలబడితే తలుపులు మూయడం ఆలస్యమవుతుంది. ఒకే విమానాన్ని రోజుకు ఎక్కువసార్లు తిప్పడం మీదే బడ్జెట్ సంస్థ లాభం ఆధారపడి ఉంటుంది. నేల మీద నిలిచిన ప్రతి పది నిమిషాలూ వారికి నష్టమే.

హైదరాబాద్ నుంచి కడప లాంటి ఊళ్లకు నడిచే ఏటీఆర్ 72 వంటి చిన్న విమానాల్లో పై అరలు ఇంకా చిన్నవి. పెద్ద విమానంలో ఇట్టే పట్టిన ట్రాలీ వీటిలో పట్టక, కింది సామాను గదికి పోవచ్చు. పెద్ద విమానంలో వచ్చి చిన్న విమానంలోకి మారేవారు రెండోదాన్ని దృష్టిలో పెట్టుకుని సర్దుకోవాలి.

గేటు దగ్గర సంచి తీసుకుంటే

ఈ వ్యాసంలో ఒక్కటే గుర్తుంచుకోవాలంటే ఇది గుర్తుంచుకోండి. అరలు నిండాయనో, సంచి పెద్దదనో, ఎక్కే ముందు సిబ్బంది మీ చేతి సంచిని కింది సామాను గదికి పంపవచ్చు. ఆ క్షణంలో డబ్బు కంటే ముఖ్యమైనది సంచిలో ఏముందన్నది.

మందులు, ముఖ్యంగా ఇన్సులిన్, సామాను గదిలోకి పోకూడదు. అతి చలికి ఇన్సులిన్ పాడవుతుంది. సంచి రావడం ఆలస్యమైతే వేళకు మందు దొరకదు. నగలు, నగదు, ఒరిజినల్ సర్టిఫికెట్లు, ఇంటి తాళాలు, ఆఫీసు లాప్‌టాప్ కూడా అంతే. చెక్ఇన్ సామానులో పెట్టిన విలువైన వస్తువులకు బాధ్యత వహించబోమని విమాన సంస్థలు తమ షరతుల్లోనే రాసుకుంటాయి. కాబట్టి వీటన్నింటినీ చేతి సంచిలో అడుగున కాకుండా, ఒక చిన్న గుడ్డ సంచిలో వేసి పైన పెట్టుకోవాలి. ట్రాలీ ఇచ్చేయమంటే ఆ చిన్న సంచిని బయటకు తీసుకుంటే సరిపోతుంది.

దాంతోపాటు పవర్ బ్యాంకు తీయడం తప్పనిసరి. లిథియం బ్యాటరీ సామాను గదిలో మండితే ఆర్పడం కష్టం కాబట్టి విడి బ్యాటరీలు, పవర్ బ్యాంకులు కేబిన్‌లోనే ఉండాలి. 100 వాట్ అవర్ల వరకు ఇబ్బంది లేదు. 100 నుంచి 160 వరకు విమాన సంస్థ అనుమతి కావాలి. అంతకు మించితే అసలు ఒప్పుకోరు. మీ పవర్ బ్యాంకు మీద మిల్లీ ఆంపియర్ అవర్లే రాసి ఉంటే, ఆ అంకెను 3.7తో గుణించి వెయ్యితో భాగించండి. 20,000 అని ఉన్నది 74 వాట్ అవర్లు. అంకెలు చెరిగిపోయినవాటిని ఇంట్లోనే వదిలేయడం మేలు.

పచ్చడి, కురిడీ, ఇరుముడి

తెలుగువారి సంచిలో పచ్చడి జాడీ లేకపోతే ప్రయాణం పూర్తి కాదు. నూనె తేలే ఆవకాయ, కరిగిన నెయ్యి లాంటివి కేబిన్‌లోకి తేవడానికి తనిఖీ దగ్గర అభ్యంతరం చెప్పే అవకాశం ఎక్కువ. వాటిని గట్టిగా సీలు వేయించి చెక్ఇన్ పెట్టెలో పెట్టాలి. లైట్ టికెట్ కొన్నవారికి చెక్ఇన్ పెట్టే ఉండదు కాబట్టి పచ్చడి సంగతి టికెట్ కొనేటప్పుడే తేల్చుకోవాలి. నూనె ఎక్కువగా ఉండే ఎండు కొబ్బరి కురిడీ మండే స్వభావం ఉన్నదిగా లెక్క. పుణ్యక్షేత్రాల నుంచి వచ్చేవారు దాన్ని సంచిలో వేసుకోకపోవడమే మంచిది.

శబరిమల యాత్రికుల ఇరుముడిలోని కొబ్బరికాయ విషయంలో మాత్రం ప్రత్యేక సడలింపు వచ్చింది. 2024 అక్టోబరులో పౌర విమానయాన మంత్రి కింజరాపు రామ్మోహన్ నాయుడు దీన్ని ప్రకటించారు. తనిఖీల తర్వాత ఇరుముడిని కేబిన్‌లోకి తీసుకెళ్లేందుకు 2025 జనవరి 20 వరకు అనుమతించారు. ఇలాంటి సడలింపులు గడువుతో వస్తాయి. ఏ ఏడు మాల వేసుకుంటే ఆ ఏటి ఉత్తర్వు చూసుకోవాలి.

సరిహద్దు దాటితే

విశాఖ నుంచి సింగపూర్‌కు నడిచే స్కూట్ విమానంలో ఎకానమీ ప్రయాణికుడికి రెండు సంచులు కలిపి 10 కిలోలు. ఎయిర్ ఏషియాలో రెండు సంచులు కలిపి 7 కిలోలే. ఐరోపాలో కొన్ని చౌక సంస్థలు సీటు కింద పట్టే చిన్న సంచిని మాత్రమే ఉచితంగా అనుమతిస్తాయి. అక్కడ చదువుకుంటున్న పిల్లలను చూడటానికి వెళ్లేవారు దారిలో సంస్థ మారితే నిబంధన కూడా మారుతుందని గమనించాలి. అంతర్జాతీయ ప్రయాణాల్లో ద్రవాలు 100 మిల్లీలీటర్లు మించని సీసాల్లోనే కేబిన్‌లోకి తేవాలన్న నియమం ఉండనే ఉంది.

బయలుదేరే ముందు

సామాను తూచే చిన్న చేతి త్రాసు కొన్ని వందలకే దొరుకుతుంది. అది లేకపోతే ఇంట్లో బరువు చూసుకునే యంత్రం మీద ఒకసారి సంచితో, ఒకసారి సంచి లేకుండా నిలబడితే తేడా తెలిసిపోతుంది. తిరుగు ప్రయాణంలో కొనుగోళ్లు చేరతాయి కాబట్టి వెళ్లేటప్పుడు ఒక కిలో ఖాళీ ఉంచుకోండి. చెక్ఇన్ పెట్టె అవసరమని తేలితే ముందు రోజే ఆన్‌లైన్‌లో చెల్లించండి. ఎల్‌ఎఫ్‌సీ మీద వెళ్లేవారు ఈ అదనపు రుసుము క్లెయిమ్‌లో చేరుతుందో లేదో బుకింగ్‌కు ముందే పరిపాలన విభాగాన్ని అడిగి తెలుసుకోవాలి.

బరువు చూడటం, కొలవడం, టికెట్ మీది షరతు చదవడం, ఈ మూడింటికీ కలిపి ఇంట్లో పదిహేను నిమిషాలు చాలు. ఆ పని గేటు దగ్గర చేయాల్సి వస్తే, వెనక వరుసలో వంద మంది చూస్తుండగా పెట్టె నేల మీద విప్పి, ఏది ఉంచుకోవాలో ఏది వదులుకోవాలో హడావుడిగా తేల్చుకోవాలి.