తపాలా రుసుములలో రాయితీలు: వాని శాసనమర్యాద

రాయితీ యను పదము అరబ్బీ భాషలోని రియాయత్తునుండి పుట్టి, పారసీకమునను ఉర్దూనను మెలగి, తుదకు దెనుగున స్థిరపడినది. మూలమున దానికి ఆదరము, అనుగ్రహము అని యర్థములు. ప్రభువు దయదలచి పన్నులో కొంత విడిచినచో నది రాయితీ యనబడును. కాని తపాలాశాఖవారు పత్రికలకును, పుస్తకములకును, మొత్తముగా జాబులు పంపువారికిని ఇచ్చు తగ్గింపు ఈ యర్థమున రాయితీ కాదు. అది శాసనముచే నిర్వచింపబడినది, నిబంధనలచే కొలువబడినది, నిబంధన తప్పినచో తొలగునది. ఆ తగ్గింపు ఎవరికి చెల్లును, ఎవరికి చెల్లదు, దానిని నిర్ణయించు నధికార మెవరిది యను మూడు ప్రశ్నలకు సమాధానము తెలిసికొన్నగాని యీ విషయము బోధపడదు. చందాదారులకు సంచికలు పంపు సాహిత్యసంస్థలకు నిది వట్టి వర్తకుల ముచ్చట కాదు.

కర్నూలు జిల్లా పడమటిభాగమున నున్న ఆదోని, ఎమ్మిగనూరు పట్టణములను దృష్టాంతముగా గైకొన్నచో ఈ చరిత్ర తేటపడును. ఆ ప్రాంతమున తెలుగువారు టపాలనియు, కన్నడము మాటాడువారు అంచె యనియు, ఉర్దూ మాటాడువారు డాక్ అనియు నొక్క వస్తువునే పేర్కొందురు. అంచె యను మాట తెనుగునకు గ్రొత్తది కాదు. అంచెలంచెలుగా నను ప్రయోగమున నది నేటికిని నిలిచియున్నది. 1800 లో నిజాము కుంపిణీవారికి దత్తముచేసిన సీమలలో ఆదోని యొకటి. 1953 అక్టోబరు 1వ తేది ఆంధ్రరాష్ట్ర మేర్పడువఱకు అది బళ్లారి జిల్లాలోనిది. తుంగభద్ర కావలిగట్టు నిజాము రాజ్యము; అచ్చట 1869 నుండి వేఱు బిళ్లలు చెల్లెను. ఆ తపాలా 1950 లో భారతదేశపు తపాలాలో లీనమయ్యెను. ఏటి కీవల నొక శాసనమును, ఆవల నొక శాసనమును ఉండిన యీ సీమలో రుసుమనునది దూరమునుబట్టి గాక ప్రభుత్వమునుబట్టి మాఱునన్న సంగతి ప్రజల యనుభవములోనిదే.

పూర్వము జాబుల రుసుము దూరమునుబట్టి యుండెడిది. 1837 నాటి చట్టము తపాలాను ప్రజలకు దెఱచినను దూరపు లెక్కను విడువలేదు. ఇంగ్లండులో రోలండు హిల్లు ప్రతిపాదించిన ఏకరుసుము పద్ధతి 1840 లో నమలులోనికి వచ్చెను. జాబును మోయుటకగు వ్యయముకంటె దానిని లెక్కించి, వ్రాసి, వసూలుచేయుటకగు వ్యయమే యెక్కువ యని ఆయన వాదము. ఆ పద్ధతిని 1854 నాటి చట్టము హిందూదేశమునకు దెచ్చెను. కాలుతులమునకు మించని జాబు ఎంతదూరమేగినను అర్ధణాయే. మద్రాసునుండి రాయచూరునకు సాగిన యినుపదారి ఆదోనిమీదుగా బోయిన పిదప, 1871 నాటికి, రేవుపట్టణపు జాబు ఆదోనికి జేరుట సులభమయ్యెను. రైలుస్టేషను లేని ఎమ్మిగనూరునకు బాటవెంట బోవలెను. అయినను ఇద్దఱికి నొక్కటే రుసుము. దగ్గఱివాని రుసుములో కొంత దూరమువాని వ్యయమునకు సరిపోవుట యిందలి రహస్యము. కావున ఏకరుసుమే రాయితీలలో మొదటి రాయితీ యని చెప్పవచ్చును.

తరగతులవారీ రాయితీలకు స్పష్టమైన రూపము నిచ్చినది 1898 నాటి భారత తపాలాచట్టము. దాని మొదటి యనుబంధమున రుసుముల పట్టిక గలదు. ఆనాటి పట్టికలో అర్ధతులము జాబునకు అర్ధణా, కార్డునకు కాలణా, పదితులముల పుస్తకపు కట్టకు అర్ధణా. రిజిష్టరైన వార్తాపత్రికకు మాత్రము నాలుగు తులములవఱకు కాలణాయే. అనగా జాబునకు ఎనిమిదింతలు బరువైన పత్రిక జాబులో సగము రుసుముతో పోయెడిది. విద్యావ్యాప్తికి పత్రిక సాధనమను తలంపు ఈ భేదమునకు మూలము.

రుసుమును తగ్గించు నధికారమునకును, పెంచు నధికారమునకును ఆ చట్టము భేదము చూపినది. ఏడవ సెక్షను ప్రకారము రుసుములను ప్రకటనద్వారా నిర్ణయించునది కేంద్రప్రభుత్వము. కాని యా రుసుము పట్టికలోని మేరను మించరాదు. మేరకు లోబడి తగ్గించుటకు ప్రకటన చాలును. మేరను పెంచుటకు శాసనసభ యనుమతి కావలెను. ఇందువలననే స్వాతంత్ర్యానంతరమును తపాలా రుసుముల పెంపు ఆర్థికచట్టములద్వారా పార్లమెంటు ముందునకు వచ్చుచుండెను. ఇచ్చుట సులభము, పుచ్చుకొనుట కష్టము అను నీ కట్టుబాటు ప్రజలకు రక్షగా నిలిచినది.

ఇక రాయితీకి పాత్రమైన పత్రిక యేది యను ప్రశ్న. తొమ్మిదవ సెక్షను దీనికి లక్షణము చెప్పినది. రాజకీయాది వార్తలును, వానికి గాని యితర వర్తమానవిషయములకు గాని సంబంధించిన వ్యాసములును పూర్తిగనో అధికభాగముననో కలిగియుండవలెను. ప్రకటన లుండిన నుండవచ్చును. ఒక సంచికకును మఱియొక సంచికకును నడుమ 31 దినములకు మించరాదు. నిజమైన చందాదారుల పట్టిక యుండవలెను. అనుబంధము పత్రికతోనే పోవుచు, పత్రికనుబోలిన విషయము గలదై, ప్రతిపుటశిరమున పత్రిక పేరును తేదియు ముద్రింపబడియున్నప్పుడే పత్రికలో భాగమగును.

ఈ లక్షణమున నొక్కొక్క పదమును ఒక్కొక్క మోసమునకు అడ్డుకట్ట. చందాదారుల నియమము లేనిచో ఏ వర్తకుడైనను తన ధరలపట్టికకు పత్రిక యని పేరిడి ఊరూరికిని పంపగలడు. అనుబంధమునుగూర్చిన నియమము లేనిచో ఆదోని పత్తివ్యాపారి యొకడు పత్రికమడతలో తన ప్రకటనకాగితమునుంచి కాలణా రుసుములోనే తోలించుకొనగలడు. రాయితీ పత్రికకుగాని పత్రికను వాహనము చేసికొన్న వాణిజ్యమునకు గాదని శాసనాభిప్రాయము.

వాణిజ్యమునకు చట్టము వేఱొక ద్వారము తెఱచినది. పుస్తకములతోబాటు మచ్చులును ఒక తరగతిగా జేర్చి జాబుకంటె తక్కువ రుసుము విధించినది. ఎమ్మిగనూరు మగ్గముల పట్టణము. మాచాని సోమప్ప పూనికతో 1938 లో అచ్చట చేనేత సహకారసంఘము వెలసినది. దుప్పటిచెఱగునుండి కత్తిరించిన గుడ్డముక్క కొనుగోలుదారునకు చూపుటకై పంపినచో నది మచ్చు. అదే దుప్పటి నిండుగా నమ్మకమునకై పంపినచో బంగీ. రెండును ఒకే నేత, ఒకే నూలు. విలువగల వస్తువు అమ్మకమునకు పోవుచున్నదా, వస్తువును తెలుపు గుఱుతు మాత్రమే పోవుచున్నదా యను నుద్దేశభేదమే రుసుమును నిర్ణయించును.

సాహిత్యపరిశోధకులకు మిక్కిలి యెన్నదగిన భాగ మిది. 1924 లో ప్రారంభమైన భారతి మాసపత్రిక కాలవ్యవధిలో 31 దినముల నియమమునకు లోబడినది. త్రైమాసికపత్రిక లోబడదు. వ్యవధి మాట యటుండ, నన్నయ కాలనిర్ణయమో ఛందోవిచారమో వర్తమానవిషయ మగునా యను సందేహమును గలదు. ఇట్లు త్రైమాసికము వార్తాపత్రికల పంక్తిలో గూర్చుండజాలక వెలుపల నిలిచినది.

ఈ బహిష్కారఫలమును అంకెలతో జూడవచ్చును. 1898 నాటి చట్టము రద్దగుటకు ముందు నడచిన రుసుములలో రిజిష్టరు పత్రికకు 50 గ్రాములవఱకు 25 పైసలు, 100 గ్రాములవఱకు 50 పైసలు, ఆపై ప్రతి 100 గ్రాములకు 20 పైసలు. అచ్చుపుస్తకముల కట్టకు ప్రతి 100 గ్రాములకు 1 రూపాయి. నియతకాలికముల కట్టకు మొదటి 100 గ్రాములకు 2 రూపాయలు, ఆపై ప్రతి 100 గ్రాములకు 3 రూపాయలు. 300 గ్రాములు తూగు సంచిక యొకటి రిజిష్టరు పత్రికయైనచో 90 పైసలు, పుస్తకమైనచో 3 రూపాయలు, నియతకాలికమైనచో 8 రూపాయలు. కాగితమదే, సిరాయదే, వ్యాసములవే. పేరు మాఱినంతనే రుసుము తొమ్మిదింతలకు జేరువయగుచున్నది. నూఱుగురు చందాదారులకు పంపినచో 90 రూపాయలకును 800 రూపాయలకును గల యంతరము. చిన్నసంస్థకు ఆ యంతరము ఒక ఫారము ముద్రణవ్యయమునకు దగ్గఱగా నుండవచ్చును.

రాయితీకి రెండవ హేతువు మొత్తముపరిమాణము. పంపువాడు జాబులను పిన్‌కోడు ప్రకారము వేఱుపఱచి, ఆదోని 518301 ఒక కట్టగను, ఎమ్మిగనూరు 518360 ఒక కట్టగను తెచ్చి యిచ్చినచో తపాలావారికి కొంత పని తప్పును. ఆ తప్పిన పనికి ప్రతిఫలమే యీ తగ్గింపు. 2003 లో ప్రారంభించిన బిల్ మెయిల్ సేవకు ఒక్కతడవ 5000 జాబులకు తక్కువ కాకుండ, 90 దినముల కొకసారియైనను పంపవలెనని నియమము. 2005 లో వచ్చిన డైరెక్ట్ పోస్ట్ చిరునామా లేని ప్రకటనపత్రములకు ఉద్దేశింపబడినది. బ్యాంకులకును పెద్దసంస్థలకును ఇవి యనుకూలములు. కొన్నివందల చందాదారులు గల సంస్థకు 5000 అందని మ్రానిపండు.

మొత్తపు తగ్గింపు ఎంతవఱకు న్యాయమను ప్రశ్నకు అమెరికాలో శాసనమే కొలత చూపినది. వేఱుపఱచిన జాబులకు అచ్చట 1976 లో తగ్గింపు మొదలయ్యెను. తగ్గింపు తపాలావారికి తప్పిన వ్యయమును మించరాదని 2006 నాటి చట్టము, కొన్ని మినహాయింపులతో, విధించి, దాని పర్యవేక్షణమును తపాలా నియంత్రణసంఘమున కప్పగించెను. మించినచో ఆ భారము ఒంటిజాబు వ్రాయు సామాన్యునిపై బడునని భావము. ఆ దేశముననే పత్రికలరాయితీనిగూర్చి మఱియొక వివాదము పుట్టెను. ఎస్క్వైర్ పత్రికలోని విషయము లోకహితము కాదని 1943 లో తపాలామంత్రి దాని రాయితీని తొలగింపగా, సర్వోన్నతన్యాయస్థానము 1946 లో ఆ యుత్తరువు చెల్లదని తీర్పుచెప్పెను. రాయితీనిచ్చు నధికారము పత్రికాభిరుచిని శాసించు నధికారము కాదని యా తీర్పు సారాంశము. రాయితీని అనుగ్రహమనుకొన్నచో కలుగు నపాయమున కిది నిదర్శనము.

మనదేశమున 2023 నాటి తపాలాకార్యాలయచట్టము 2024 జూన్ 18వ తేదినుండి అమలులోనికి వచ్చి 1898 నాటి చట్టమును రద్దుచేసెను. క్రొత్తచట్టమున రుసుముల యనుబంధము లేదు. రుసుములను నిబంధనలద్వారా నిర్ణయించు నధికారము తపాలాసేవల డైరెక్టర్ జనరలుకు సంక్రమించినది. పార్లమెంటు విధించు మేర పోయినది. తగ్గించు చేతికే పెంచు నధికారమును జిక్కినది. తత్ఫలము శీఘ్రముగనే కానవచ్చెను. 2024 డిసెంబరులో పాత పుస్తకపుతపాలా తరగతి తొలగెను. దానిలో 5 కిలోల పుస్తకములకు 50 రూపాయలు, రిజిష్టరు రుసుము 17 రూపాయలు చెల్లెడివి. పుస్తకప్రకాశకు లాక్షేపింపగా 2025 మే 1వ తేది జ్ఞాన్ పోస్ట్ అను క్రొత్తసేవ యారంభమయ్యెను. దానిలో 300 గ్రాములవఱకు 20 రూపాయలు, 5 కిలోలకు 100 రూపాయలు, పన్నులు వేఱు. పుస్తక మెచ్చట నున్నదో తెలిసికొను సదుపాయ మిందు గలదు. విద్యా, సామాజిక, సాంస్కృతిక, మతగ్రంథములకే యిది వర్తించును. ముద్రణాలయము పేరుగాని ప్రకాశకుని పేరుగాని యుండవలెను. గ్రంథసూచికలు, ప్రాసంగికప్రకటనలు తప్ప వ్యాపారప్రకటనలు కూడవు. నియతకాలముల వెలువడు ప్రచురణలు స్వీకరింపబడవు.

ఈ కడపటి నియమముతో త్రైమాసికము రెండవమాఱు వెలుపలబడినది. పాతచట్టము అది తగినంత తఱచుగా రాదని త్రోసివేసినది; క్రొత్తసేవ అది నియతముగా వచ్చుచున్నదని త్రోసివేయుచున్నది. 2025 అక్టోబరు 1వ తేదినుండి స్పీడ్ పోస్టు రుసుములు మాఱినప్పుడు విద్యార్థులకు నూటికి 10 వంతులు, మొత్తముగా పంపు క్రొత్త వాడుకదార్లకు నూటికి 5 వంతులు తగ్గింపు ప్రకటింపబడినది. ఎమ్మిగనూరు విద్యార్థి దరఖాస్తునకు నిది మేలే. సంచికలు పంపు సంస్థకు నిది యుత్తరము కాదు.

కావున రాయితీల న్యాయము అంకెలలోకంటె లక్షణములలో నున్నదని తేలుచున్నది. వార్తకు వేగము ప్రాణము గనుక 31 దినముల మేర వార్తాపత్రికకు దగినదే. పరిశోధనకు విలంబము దోషము కాదు. శాసనమును చదివి, ప్రతులు పోల్చి, పాఠము నిర్ణయించుటకు మూడునెలలు అధికము కావు. అట్టి ప్రచురణను వ్యవధినిబట్టి గాక విషయమునుబట్టి లక్షించి, ప్రకటనల నియమమును చందాదారుల నియమమును నిలిపి, జ్ఞాన్ పోస్టున దానికొక తావు కల్పించినచో తపాలాకు మోసము గలుగదు. దీనికి పార్లమెంటున క్రొత్తచట్టము నక్కఱలేదు, నిబంధనలో నొక వాక్యము చాలును. పాతచట్టపు మేర పోయినందున కలిగిన లోపము పెద్దదే యైనను, సవరణ సులభమగుట దానివలని లాభము. ఆదోని బడిపండితుడు సంచికకై చెల్లించు చందాలో తపాలా భాగమెంత, విద్యాభాగమెంత యనునది ఆ వాక్యముపై నాధారపడియున్నది.