కుమ్మరి పురుగు: సామెత వెనుక ఉన్న దేహనిర్మాణం

నిస్సంగత్వాన్ని చెప్పడానికి తెలుగులో రెండు ఉపమానాలు ప్రసిద్ధం. ఒకటి తామరాకు మీది నీటిబొట్టు, రెండోది మన్నంటని కుమ్మరి పురుగు. మొదటిది భగవద్గీత (5:10) మొదలుకొని సంస్కృత వాఙ్మయంలో పాతుకున్నది. రెండోది మడిలో దిగి పనిచేసినవారి చూపులోంచి పుట్టినట్లు తోస్తుంది. తత్త్వబోధకులు దీనిని విరివిగా వాడినా, సామెతను ఆ పురుగు దేహంతో కలిపి చదవడం అరుదు. ఆ పఠనమే ఇక్కడి ప్రయత్నం.

కుమ్మరి పురుగు ఇలకోడికి దగ్గరి చుట్టం. కానీ అసలైన ఇలకోళ్ల కుటుంబానికి చెందదు. ఆసియా జాతిని చాలాకాలం ఆఫ్రికా జాతి పేరుతోనే నమోదు చేశారు. నేడు దాని శాస్త్రీయనామం గ్రిల్లోటాల్పా ఓరియెంటాలిస్. పొడవు సుమారు 3 సెంటీమీటర్లు. ముందుకాళ్లు పలుగుపార వలె వెడల్పై, అంచున గట్టి పళ్లతో ఉంటాయి. ఒంటినిండా మఖమలు వంటి పొట్టి నూగు దట్టంగా పరచుకొని ఉంటుంది. ఆ నూగు నీటిని నిలవనీయదు. తడిమన్ను చర్మాన్ని తాకకముందే జారిపోతుంది. అంటే సామెత చెప్పినది అలంకారం మాత్రమే కాదు, కంటితో చూసిన సంగతి.

గార్ల వంటి చెరువు కింది మాగాణుల్లో నారుమడి గట్లు, తేమ నిలిచే వదులు నేలలు దీనికి అనువైన చోట్లు. ఆరుతడి మడిలో వేళ్లు కొరికి నష్టం చేస్తుంది. నిండా నీరు పెడితే గట్టెక్కుతుంది. మగపురుగు బాకా ఆకారపు బొరియ తవ్వి అందులోంచి పాడుతుంది. ఆ బొరియ ధ్వనిని పెంచే తీరును ఐరోపా జాతులపై బెన్నెట్-క్లార్క్ 1970లో వివరించాడు.

మట్టిలో బతికే ప్రతి పురుగూ ఇలాగే ఉండనక్కరలేదు. కాలిఫోర్నియాలోని కోచెల్లా ఎడారిలోయలో, తేమ దాగిన ఇసుక కింద, ఇలకోడిని పోలిన మరో జాతి ఉంది. అక్కడి కహుయిలా ప్రజల పేరు మీదుగా టింకమ్ 1968లో దానికి కహుయిలాయెన్సిస్ అని నామకరణం చేశాడు. అదీ తవ్వుతుంది. అయితే దానికి రెక్కలు లేవు, పాటా లేదు. ఆ వర్గపు పురుగులు పొట్టతో నేలను తట్టి జతను పిలుస్తాయి. వాటి పొట్ట నున్నగా మెరుస్తుంది, మఖమలు నూగు కనబడదు. తవ్వే బతుకు ఒకటే అయినా మన సామెతకు ఆధారమైన లక్షణం అక్కడ లేదు. లోయ పట్టణాలుగా మారుతున్నకొద్దీ ఆ జాతి నివాసం కుదించుకుపోతోంది.

ఇక ఉపమానాల తేడా. తామరాకు కదలదు, పని చేయదు. రామకృష్ణ పరమహంస బోధలో సంసారికి చూపిన బురదచేప బురదలో నివసిస్తుంది. కుమ్మరి పురుగు మాత్రం మన్నును తవ్వుతుంది, తోస్తుంది, అందులో ఇల్లు కట్టుకుంటుంది. కనుక ఈ సామెతలోని నిస్సంగత్వం పని మానినవారిది కాదు, పనిలో మునిగినవారిది. పేరులోని చమత్కారమూ గమనించదగినదే: మన్నుతో పనిచేసే కుమ్మరి చేతులు మట్టి కాక తప్పదు, ఆయన పేరు మోసే పురుగుకు ఆ మట్టి అంటదు.