ఊపిరి పీల్చే వైరు

ఎడిసన్ బల్బుకు పోటీగా జర్మనీలో ఒకప్పుడు ఒక దీపం వచ్చింది. గాటింగెన్‌లో పనిచేసిన రసాయన శాస్త్రవేత్త వాల్తర్ నెర్న్‌స్ట్ దాన్ని 1897లో తయారుచేశాడు. అందులో తీగ బదులు జిర్కోనియా కలిపిన చిన్న పింగాణీ కడ్డీ ఉండేది. చల్లగా ఉన్నంతసేపు ఆ కడ్డీ కరెంటును పోనివ్వదు. బాగా వేడెక్కితే మాత్రం దానిలో ఆక్సిజన్ అయాన్లు కదులుతాయి, కరెంటు పారుతుంది. అందుకని మొదట్లో దీపం వెలిగించాలంటే మంట చూపించాల్సి వచ్చేది. తర్వాత పక్కనే ఒక హీటర్ తీగ పెట్టారు. టంగ్‌స్టన్ బల్బులొచ్చాక ఆ దీపాన్ని జనం మరిచిపోయారు. జిర్కోనియా మాత్రం తన గుణంతోనూ, తన పేచీతోనూ సహా కార్ల ఎగ్జాస్ట్ గొట్టంలోకి చేరింది.

దాన్ని ఆక్సిజన్ సెన్సార్‌గా అక్కడికి చేర్చింది బాష్ కంపెనీ. 1976లో వోల్వో తన కార్లకు ఈ సెన్సార్ బిగించి అమెరికాకు పంపింది. ముందు గ్రిల్ మీద ‘లాంబ్డా సోండ్’ అని బిళ్ళ కూడా తగిలించింది. కాలిఫోర్నియా పొగ నిబంధనలకు తట్టుకోవాలంటే క్యాటలిటిక్ కన్వర్టర్ సరిగ్గా పనిచేయాలి. అది పనిచేయాలంటే ఒక పాలు పెట్రోలుకు సుమారు 14.7 పాళ్ళ గాలి, బరువు లెక్కన, కలవాలి. ఆ లెక్క తప్పుతోందో లేదో చెప్పడమే సెన్సార్ పని. జిర్కోనియా గొట్టానికి బయట పొగ, లోపల మామూలు గాలి, రెండు వైపులా ప్లాటినం పూత. రెండు వైపుల ఆక్సిజన్‌లో ఉన్న తేడాయే వోల్టేజీ అవుతుంది. పొగలో ఆక్సిజన్ మిగిలితే 0.1 వోల్టు, పెట్రోలు ఎక్కువైతే 0.9. ఆరోగ్యంగా ఉన్న బండిలో ఈ అంకె రెండింటి మధ్య ఊగుతూనే ఉంటుంది.

మొదటి సెన్సార్లకు ఒకే వైరు. ఎర్త్ ఎగ్జాస్ట్ గొట్టం గుండానే. కానీ దాదాపు 300 డిగ్రీల వేడి తగిలేదాకా అవి పలకవు. కాబట్టి 1980ల్లో నెర్న్‌స్ట్ దీపానికి పెట్టినట్టే వీటికీ హీటర్ పెట్టారు. వైర్లు మూడయ్యాయి, తర్వాత నాలుగు. తెగడానికీ అన్ని దారులు ఏర్పడ్డాయి.

మన దేశంలో సీసం లేని పెట్రోలు 2000లో అంతటా వచ్చాకే ఈ సెన్సార్‌కు నిలకడ దొరికింది, సీసం దానికి విషం కనుక. 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 వచ్చాక చాలా మోటార్ సైకిళ్ళకూ ఎక్కింది.

ఇక పేచీ సంగతి. చెక్ ఇంజిన్ లైటు వెలుగుతుంది, స్కానర్ పీ0135 చూపిస్తుంది. “సెన్సార్ పోయిందండీ, మార్చేద్దాం” అనే మాట వెంటనే వినపడుతుంది. ఆ కోడ్ చెప్పింది అది కాదు. హీటర్ సర్క్యూట్‌లో లోపముందని చెప్పింది, అంతే. సర్క్యూట్ అంటే ఫ్యూజ్, వైరు, కప్లర్ కూడా. కన్వర్టర్ తర్వాత ఉండే సెన్సార్‌కు సంబంధించిన పీ0141 కూడా జంటగా వస్తే ముందు ఫ్యూజ్ చూడాలి; రెండు సెన్సార్లు ఒకే రోజు చావడం అరుదు. ఎక్కడో వైరు మ్యానిఫోల్డ్‌కు ఆనుకుని, తొడుగు కరిగి, బాడీకి షార్ట్ అయి ఉంటుంది. మన పార్కింగుల్లో ఎలుకలు కూడా అనుమానితులే.

కప్లర్ విప్పితే చాలా సెన్సార్లలో రెండు తెల్ల వైర్లు హీటర్‌వి, నలుపు సిగ్నల్‌ది, బూడిద రంగు దాని ఎర్త్. తెల్లవాటి మధ్య మీటర్ కొన్ని ఓమ్‌లు చూపిస్తే హీటర్ బతికే ఉన్నట్టు. ఇంజిన్ నడుస్తుండగా కరెంటు వచ్చే వైపు 12 వోల్టులు చూసి సంతృప్తి పడేవాళ్ళను చాలామందిని చూశాను. పది పోగుల్లో ఒక్క పోగు మిగిలినా మీటర్ 12 చూపిస్తుంది. హీటర్ పాయింట్ల మధ్య ఓ చిన్న బల్బు తగిలించి చూస్తే గుట్టు బయటపడుతుంది: గుడ్డిగా వెలిగితే వైరో, ఎర్తో తినేస్తోందన్నమాట. సిగ్నల్ 0.45 వోల్టు దగ్గర ఊగకుండా ఆగిపోతే, చాలా బళ్ళలో అది ఇంజిన్ కంప్యూటర్ తానే పంపే వోల్టేజీ. సెన్సార్ మాట అక్కడికి చేరడం లేదు. ఇంజిన్ నడుస్తుండగా హార్నెస్‌ను అంగుళం అంగుళం కదిపితే అంకె ఎక్కడ ఎగిరిందో అక్కడే జబ్బు.

తెగిన చోట సోల్డర్ పెట్టడం మామూలు అలవాటు. ఇక్కడ మాత్రం వద్దు. నీళ్ళు చేరకుండా సీలు చేసిన సెన్సార్లలో చాలావాటికి ఒంటి మీద గాలి రంధ్రం ఉండదు. గొట్టం లోపలికి కావాల్సిన మామూలు గాలి వైరు పోగుల సందుల్లోంచే వెళ్తుంది. సోల్డర్ కరిగి ఆ సందుల్లోకి పాకితే దారి మూసుకుపోతుంది. కప్లర్‌లో గ్రీజు కూరినా అంతే. లోపల ఆక్సిజన్ తగ్గి వోల్టేజీ పడిపోతుంది; పెట్రోలు చాలడం లేదనుకుని కంప్యూటర్ ఇంకాస్త పోస్తుంది. మైలేజీ తగ్గి, కొత్త సెన్సార్ మీద పాత నిందే పడుతుంది. అందుకే శుభ్రంగా క్రింప్ చేసి, వైరును వేడికి దూరంగా క్లిప్పులో బిగించడం మేలు.

కోడ్ చెరిపేసి, లైటు రాలేదని అప్పుడే డబ్బులు పుచ్చుకోవద్దు. చాలా బళ్ళలో హీటర్ పరీక్ష చల్లారిన ఇంజిన్ మీదే జరుగుతుంది. రాత్రంతా బండి ఆపి ఉంచి, తెల్లారాక స్టార్ట్ చేసి, ఎన్ని సెకన్లకు సిగ్నల్ అంకె ఊగడం మొదలెట్టిందో చూడాలి.