పలక మీద పాట



నాట్లు వేసేటప్పుడు మనం పాడతాం. కలుపు తీసేటప్పుడు పాడతాం. ఊయల ఊపుతూ పాడతాం. పెళ్లిలో, పేరంటంలో, బతుకమ్మ దగ్గర, గొబ్బెమ్మ దగ్గర పాడతాం. ఈ పాటలు మనకు ఎవరు నేర్పారు? బడిలో నేర్చుకోలేదు. అమ్మ నోట విన్నాం. అమ్మ వాళ్ల అమ్మ నోట విన్నది.

మరి మీ అమ్మమ్మకు వచ్చిన పాటల్లో మీకు ఎన్ని వచ్చు? సగం వచ్చా? మిగతా సగం ఏమైనట్టు? అమ్మమ్మతోనే పోయాయి.

పోయిన పాట మళ్లీ దొరుకుతుందా? వేల ఏళ్ల కిందట ఆగిపోయిన పాటను మళ్లీ పాడవచ్చా? లోకంలో కొంతమంది పండితులు, పాటగాళ్లు, వడ్రంగులు ఈ పనే పట్టుకున్నారు. వాళ్లకు ఏం దొరికిందో, ఏం దొరకలేదో చెప్పుకుందాం.

వాద్యం దొరికింది, పాట దొరకలేదు

ఇరాకు దేశంలో ఉర్ అనే పాత పట్నం ఉంది. ఇప్పుడు అక్కడ అన్నీ మట్టిదిబ్బలే. లియోనార్డ్ వూలీ అనే ఇంగ్లండు పండితుడు 1922 నుంచి 1934 వరకు అక్కడ తవ్వించాడు. రాజుల సమాధులు బయటపడ్డాయి. అవి సుమారు 4,500 ఏళ్ల నాటివి.

ఒక పెద్ద గుంటలో 74 మంది ఎముకలు కనిపించాయి. వాళ్లలో 68 మంది ఆడవాళ్లే. ఒంటి మీద నగలు అలాగే ఉన్నాయి. రాజకుటుంబంలో ఎవరో చనిపోతే, వాళ్లకు తోడుగా వీళ్ల ప్రాణాలు కూడా పోయాయి. అదే గుంటలో తీగల వాద్యాలు కూడా ఉన్నాయి.

ఈ వాద్యాన్ని లైర్ అంటారు. కింద ఒక చెక్క పెట్టె ఉంటుంది. పెట్టె నుంచి రెండు కొయ్యలు పైకి లేస్తాయి. పైన ఒక అడ్డకొయ్య ఉంటుంది. అడ్డకొయ్యకూ పెట్టెకూ మధ్య తీగలు బిగిస్తారు. వేళ్లతో మీటితే మోగుతుంది.

వేల ఏళ్లలో చెక్క అంతా మట్టిలో కలిసిపోయింది. చెక్క ఉన్నచోట ఖాళీ బొరియలు మిగిలాయి. వూలీ ఆ బొరియల్లో ప్లాస్టరు కలిపి పోయించాడు. విరిగిన చేతికి ఆసుపత్రిలో పిండికట్టు వేస్తారు కదా, అలాంటిదే. ప్లాస్టరు గట్టిపడింది. చుట్టూ మట్టి తీసేస్తే వాద్యం ఆకారం తెలిసింది. చెక్క పోయినా దాని కొలతలు దొరికాయి.

బంగారు ఎద్దు తల ఉన్న ఒక లైర్‌ను బాగ్దాద్ మ్యూజియంలో పెట్టారు. 2003లో యుద్ధం వచ్చింది. మ్యూజియంను దోచుకున్నారు. లైర్ విరిగిపోయింది. ఆ సంగతి తెలిసి ఆండీ లోయింగ్స్ అనే ఇంగ్లండు వాద్యకారుడు, మరికొందరు కలిసి అలాంటిదే కొత్త లైర్ చేయించారు. పాత కొలతలే తీసుకున్నారు. కలప కూడా ఇరాకు నుంచే తెప్పించారు. ఇప్పుడు అది మోగుతుంది.

అయితే ఒక చిక్కు ఉంది. ఆ గుంటలో చనిపోయిన ఆడవాళ్లు ఏ పాట పాడారు? ఆ పాటను ఎవరూ రాసిపెట్టలేదు. వాద్యం తిరిగి వచ్చింది. వాళ్ల పాట మాత్రం రాలేదు.

పాట దొరికింది, పాడేవాళ్లు లేరు

సిరియా దేశంలో సముద్రం ఒడ్డున 1928లో ఒక రైతు పొలం దున్నుతున్నాడు. నాగలికి రాయి తగిలింది. దాని కింద పాత సమాధి ఉంది. మరుసటి ఏడు తవ్వకాలు మొదలయ్యాయి. దగ్గరలోనే ఉగారిత్ అనే పాత పట్నం బయటపడింది.

అక్కడి రాజుగారి కోటలో మట్టి పలకలు దొరికాయి. మనం పలక మీద బలపంతో రాస్తాం. వాళ్లు పచ్చి మట్టి పలక మీద పుల్లతో నొక్కి రాసేవారు. మట్టి ఎండితే అక్షరం నిలిచిపోతుంది. దానికి చెదలు పట్టవు, అది కాలి బూడిద కాదు.

1950 తరువాత దొరికిన పలకల్లో కొన్నింటి మీద పాటలు ఉన్నాయి. ఒక్కటి తప్ప మిగతావన్నీ చిన్న చిన్న ముక్కలే. ఆ ఒక్కటీ మూడు ముక్కలుగా దొరికింది. కలిపితే పాట దాదాపు పూర్తిగా ఉంది. అది సుమారు 3,400 ఏళ్ల నాటిది. నిక్కల్ అనే దేవత మీద పాట. ఆమె చంద్రదేవుడి భార్య, తోటల దేవత. రాసినతని పేరు అమ్మురాబి అని పలక మీదే ఉంది.

పలక పైభాగంలో పాట మాటలు ఉన్నాయి. వాటి కింద రెండు గీతలు గీశారు. గీతల కింద కొన్ని పేర్లు, అంకెలు ఉన్నాయి. ఆ పేర్లేమిటి? ఎవరికీ అంతుపట్టలేదు.

అమెరికాలో ఆన్ కిల్మర్ అనే పండితురాలు ఉండేది. ఆమె ఈ పాత రాతలు చదవడంలో దిట్ట. ఇరాకులో దొరికిన వేరే పలకలను ఆమె, మరికొందరు చదివారు. ఒక పలకలో తీగల పేర్లు, లెక్క ఉన్నాయి. ఫలానా పేరు చెబితే ఒకటో తీగ, ఐదో తీగ అని అర్థం. ఇంకో పలకలో శ్రుతి చేసే పద్ధతి ఉంది. శ్రుతి కలవకపోతే ఏ తీగ బిగించాలో, ఏ తీగ వదులు చేయాలో అందులో రాసి ఉంది. ఈ పలకలే తాళం చెవి అయ్యాయి. సిరియా పలక మీద ఉన్న పేర్లు కూడా తీగల జతల పేర్లేనని తేలింది.

1974లో కిల్మర్, సంగీత పండితుడు రిచర్డ్ క్రాకర్ కలిసి ఈ పాటను జనానికి వినిపించారు. పాతకాలపు లైర్ లాంటిది తయారుచేయించి, క్రాకర్ దాన్ని మీటుతూ పాడాడు. వేల ఏళ్లు మూగగా ఉన్న పలక నోరు తెరిచింది.

ఇద్దరు పాడితే రెండు రకాలు

కానీ ఇతర పండితులు దీన్ని వేరే విధంగా పాడించారు. ఎందుకు? రెండు తీగల పేరు రాస్తే, రెండూ ఒకేసారి మీటాలా? ఒకదాని నుంచి రెండోదానికి మెట్లు దిగినట్టు వెళ్లాలా? పక్కన ఉన్న అంకె ఎన్నిసార్లు వాయించాలో చెబుతోందా, ఇంకేమన్నా చెబుతోందా? తాళం ఎలా వేయాలి? పలక ఇవేవీ విడమరిచి చెప్పలేదు. ఆ రోజుల్లో వాద్యకారులకు ఇవన్నీ తెలిసినవే. తెలిసిన సంగతి రాయడం ఎందుకు అనుకుని ఉంటారు. తెలిసినవాళ్లు పోయాక అదే పెద్ద చిక్కు అయింది.

టర్కీ దేశంలో దొరికిన ఒక రాయి ఇంకా నయం. అది సుమారు 1,900 ఏళ్ల నాటి గ్రీకు రాయి. సైకిలోస్ అనే మనిషి చెక్కించాడు. పాటలో ప్రతి మాట మీదా స్వరం గుర్తులు ఉన్నాయి. ఎక్కడ సాగదీయాలో కూడా ఉంది. అందుకే ఈ పాట రాగం, నడక చాలావరకు తెలుస్తాయి. అయితే ఈ రాయి ఒకప్పుడు ఒక ఇంట్లో పూలకుండీ పెట్టుకునే దిమ్మె అయింది. నిటారుగా నిలబడాలని దాని అడుగు అరగదీశారు. అక్కడి రాత దెబ్బతింది. ఇప్పుడు ఆ రాయి డెన్మార్క్ దేశంలో మ్యూజియంలో ఉంది.

మన రాగిరేకులు

మన దగ్గర కూడా ఇలాంటిది జరిగింది. తాళ్లపాక అన్నమయ్య 500 ఏళ్ల కిందటివాడు. ఆయన కీర్తనలను రాగిరేకుల మీద చెక్కించి తిరుమల గుడిలో దాచారు. 1922లో అవి వెలుగులోకి వచ్చాయి. రేకుల మీద మాటలు ఉన్నాయి. రాగం పేరు ఉంది. స్వరాలు మాత్రం లేవు. అందుకే రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ వంటి విద్వాంసులు చాలా కీర్తనలకు కొత్తగా వరసలు కట్టారు. ఇవాళ మనం వినేవి అన్నమయ్య మాటలు. వరసలు చాలావరకు ఈ కాలం వాళ్లవి.

రేకు లేకపోతే ఆ మాటలు కూడా మనకు దక్కేవి కావు.

మనం ఏం చేయవచ్చు?

మన నాట్ల పాటలను ఎవరూ రాగిరేకు మీద చెక్కించలేదు. మనకు అక్షరం రాని రోజుల్లో మనం రాసుకోలేదు. ఇప్పుడు అక్షరం వచ్చింది.

మీ ఊళ్లో పాటలు బాగా వచ్చిన పెద్దమ్మ ఎవరు? ఆమె దగ్గర కూర్చోండి. పాట మాటలు నోటుబుక్కులో రాయండి. తప్పులు పోతే పోనీ, రాయండి. ఎప్పుడు పాడతారో రాయండి. ఎవరు ఎత్తుకుంటారో, ఎవరు అందుకుంటారో, చప్పట్లు ఎక్కడ కొడతారో రాయండి. మనకు తెలిసిందే కదా అని వదిలేయకండి. పాడిన ఆమె పేరు, ఊరు, తేదీ కింద రాయండి. అమ్మురాబి పేరులాగే రాసిన మీ పేరు కూడా ఉండాలి.

వరస కాగితం మీద నిలవదు. ఇంట్లో సెల్‌ఫోను ఉంటే పాటను రికార్డు చేయించండి. మాట పుస్తకంలో, వరస ఫోనులో ఉంటే మీ మనవరాలు దాన్ని మీలాగే పాడగలుగుతుంది.

ఆలోచించి చెప్పండి

1. ఉర్‌లో వాద్యం దొరికినా పాట ఎందుకు దొరకలేదు?

2. సిరియా పలక మీది పాటను పండితులు వేరువేరుగా ఎందుకు పాడుతున్నారు?

3. మీ ఊళ్లో ఒకే ఒక్కరికి వచ్చిన పాట ఏది? దాన్ని ఈ వారంలో రాయండి.