నీటికి దారి తీస్తే మడ లేస్తుంది

విజయవాడ ఆటోనగర్‌లో బాడీ కట్టించుకుని రోడ్డెక్కే లారీల్లో చేపలు, రొయ్యలు మోసేవీ ఉంటాయి. ఆ రొయ్య పుట్టింటి వైపు, అంటే దివిసీమ వైపు పోతే, అవనిగడ్డ, నాగాయలంక దాటాక వరి చేలు అయిపోయి చెరువులు వస్తాయి. చెరువులూ అయిపోయాక మడ అడవి మొదలవుతుంది. 1989లో ప్రభుత్వం దీన్ని కృష్ణా అభయారణ్యంగా ప్రకటించింది. విస్తీర్ణం సుమారు 195 చదరపు కిలోమీటర్లు. నీళ్లలోకి దిగి చేపలు పట్టే బావురుపిల్లికి ఇది నెలవు.

ఇక్కడి చెట్లకు ఉప్పుతో ఒక్కోదానికి ఒక్కో ఒప్పందం. మడ చెట్టు తాగిన ఉప్పును ఆకుల మీదికి నెట్టేస్తుంది. ఎండవేళ ఆకు మీద వేలు రాస్తే పలుకులు తగులుతాయి. బురదలో ఊపిరాడదు కనుక దాని వేళ్లు పెన్సిళ్లంత లావున పైకి మొలుచుకొస్తాయి. ఉప్పు పొన్న గింజ చెట్టు మీద ఉండగానే మొలకెత్తి, పొడవాటి కాడలా వేలాడి, ఆ తర్వాతే రాలుతుంది. తిల్ల కొమ్మ నరికేవాళ్లు మాత్రం మొహం పక్కకు తిప్పుకోవాల్సిందే. దాని పాలు కంట్లో పడితే చూపు పోయేంత మంట.

1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచెత్తి 10,000 మందికి పైగా ప్రాణాలు తీసింది. ఆ తర్వాత తీరం వెంట సరుగుడు తోటలు విరివిగా వేశారు. సరుగుడు గాలిని కొంత ఆపుతుంది, వంటచెరకు ఇస్తుంది, కాదనలేం. కానీ అది ఈ నేల చెట్టు కాదు. ఆస్ట్రేలియా, ఆగ్నేయాసియా తీరాల నుంచి వచ్చింది. పోటు నీటిలో నిలబడి అల జోరు తగ్గించడం, బురదను పట్టి ఉంచడం, చేప పిల్లలకు చోటివ్వడం దానివల్ల కాదు. పైగా ఇసుక మీద మరీ సముద్రం దగ్గరికి నాటితే, గుడ్లు పెట్టడానికి వచ్చే తాబేళ్లకు అడ్డం.

తర్వాత రొయ్యల చెరువుల కాలం వచ్చింది. టైగర్ రొయ్య పిల్లలు పెరిగే మడ బోదెల పక్కనే, కొన్నిచోట్ల మడను కొట్టేసి మరీ, చెరువులు తవ్వారు. పుట్టిల్లు కూల్చి కాపురం పెట్టడమన్నమాట. 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు తీరప్రాంత రొయ్యల చెరువులపై తీర్పిస్తూ, మడ అడవులను చెరువులుగా మార్చకూడదని చెప్పింది. ఇప్పుడు చెరువుల్లో ఎక్కువగా పెరిగేది వనామీ. అదీ పరాయిదే, అమెరికా ఖండాల పసిఫిక్ తీరపు రొయ్య.

పోయిన మడను తిరిగి తేవాలంటే చాలామందికి తట్టేది మొక్కలు నాటడం. అసలు చిక్కు నీటిది. చెట్లు కొట్టేసిన చోట మట్టి ఎండి కుంగిపోతుంది. పోటుకు వచ్చిన నీరు పాటుకు వెనక్కి పోలేక గుంటలో నిలిచి, ఎండకు ఆవిరై, ఉప్పు పేరుకుంటుంది. అలాంటి చోట లక్ష మొక్కలు నాటినా ఫొటోకే. ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధన సంస్థ, అటవీశాఖ, తీర గ్రామాల వాళ్లు కలిసి గోదావరి, కృష్ణా డెల్టాల్లో ముందు కాలువలు తవ్వారు: మధ్యలో పెద్దది, దానికి రెండు వైపులా ఏటవాలుగా పిల్ల కాలువలు, అచ్చం చేప ముల్లులా. రోజూ పోటు పాట్లకు నీరు వచ్చిపోతుంటే నేలలో ఉప్పు కడుక్కుపోతుంది. ఆ కాలువ గట్ల మీద నాటిన మడ నిలదొక్కుకుంటుంది. పూడిక తీయకపోతే మాత్రం కథ మళ్లీ మొదటికే. మొక్కకిచ్చే నిధులు పూడికకు దొరకవు, పూడిక తీతకు ప్రారంభోత్సవం ఉండదు మరి.

ఇంకో సంగతి ఎగువన ఉంది. ఈ అడవిలోనే ఉండే కళింగ చెట్టుకు మంచినీరు కలిసిన పలుచని ఉప్పునీరు కావాలి. మడ చెట్టు దానికన్నా ఎక్కువ ఉప్పుకు ఓర్చుకుంటుంది. ఎగువ ఆనకట్టల్లో నీరు ఆగిపోయి, విజయవాడలోని ప్రకాశం బ్యారేజీ నుంచి వరద రోజుల్లో తప్ప సముద్రానికి పెద్దగా నీరు వెళ్లకపోతే, కళింగలాంటివి వెనక్కి తగ్గి మడ చెట్టుదే రాజ్యం అవుతుంది. నాగాయలంక దిగువన ఏ చెట్టు బతకాలో కొంతవరకు విజయవాడ గేట్ల దగ్గరే తేలిపోతోంది.